నా సవతి కామాక్షయ్య

మా ఆయన చిన్నపోలయ్య తాళి కట్టింది నాకే గాని, కాపురం చేసింది మాత్రం కామాక్షయ్యతో. ఈ మాట నేను ఎవరి ముందైనా అంటాను, కామాక్షయ్య ముందు కూడా అంటాను. అన్నప్పుడల్లా అతను పళ్ళికిలిస్తాడు. "నిజమే వదినా, నీకన్నా ముందొచ్చినోణ్ణి గదా నేను!" అంటాడు. నాకు ఒళ్ళు మండిపోతుంది.

చిట్టమూరు దాటి సరస్సు వైపు వస్తే మా పల్లె. పులికాట్ నీళ్ళు లోతు తక్కువ. పడవను గెడతో తోసుకుంటూ పోవడానికి ఒక మనిషి, వల కట్టడానికి ఇంకో మనిషి కావాలి. అందుకే మా మగవాళ్ళు జంటలుగా వేటకు పోతారు. రొయ్యలు బాగా పడే చోట్లు కొన్నే ఉన్నాయి. వాటి కోసం తలలు పగలగొట్టుకోకుండా ఏటా చీట్లు వేసి వంతులు పంచుకుంటారు. ఆ చీటీ ఒక మనిషికి రాదు, జంటకు వస్తుంది. వంతు రోజున ఆ ఇద్దరే కలిసి వల వేయాలి, బదులు మనిషిని పెట్టుకోకూడదు. ఇద్దరిలో ఎవడు రాకపోయినా ఆ జంటను తీసేస్తారు. మళ్ళీ చీట్లలో కలవాలంటే ఏడాది ఆగాలి. మా ఆయనా కామాక్షయ్యా జంట కట్టింది నేను ఈ పల్లెకు కోడలిగా రాకముందే.

ఇంట్లో మా ఆయన నోట్లోంచి మాట రాలితే ఆ రోజు వాన పడుతుందనుకోవాలి. కూరలో ఉప్పు ఎక్కువైనా చెప్పడు, అసలు లేకపోయినా చెప్పడు. పడవెక్కితే మాత్రం ఎక్కడ లేని కబుర్లూ వస్తాయట. మా చిట్టి పుట్టిందని నెల్లూరు ఆసుపత్రి నుంచి కబురు చేస్తే, ఈయన ముందు కామాక్షయ్య ఇంటికి పోయాడు. ఇద్దరూ కలిసి బస్సెక్కి వచ్చారు. బిడ్డను మొదట ఎత్తుకున్నది ఎవరనుకున్నారు? ఇంకెవరు, ఆ మహానుభావుడే. నాకు టైఫాయిడ్ వచ్చి మంచాన పడితే గంజి కాచి పోసింది కామాక్షయ్య భార్య దుర్గ. ఈయన వేటకు పోయాడు. అదే కామాక్షయ్య కాలు బెణికితే రెండు పూటలా పోయి నూనె రాసి వచ్చాడు. చెప్పండి, నేను సవతి అనడంలో తప్పేముంది?

పోయిన చలికాలం మా పల్లెలోకి తెల్లకార్లు వచ్చాయి. ఢిల్లీలో విదేశాంగ శాఖ వాళ్ళు కొందరు, ఒక చలిదేశం రాయబార కార్యాలయం వాళ్ళు కొందరు. ఆ దేశం పేరు రెండుసార్లు చెప్పారు గాని గుర్తుపెట్టుకునే ఓపిక నాకు లేకపోయింది. ఢిల్లీ వాళ్ళలో సుప్రియ అనే అమ్మాయిది మన బుచ్చిరెడ్డిపాలెమే. ఆ అమ్మాయే మాకు విడమరచి చెప్పింది. రెండు దేశాలూ చదువు, వర్తకం, కరెంటు, సముద్రం అన్నీ కలిపి ఒక పెద్ద ఒప్పందం చేసుకోబోతున్నాయట. అందులో చిన్న జాలర్ల సంగతీ ఉండాలట. నీళ్ళను తగువు లేకుండా పంచుకునే మా వంతుల పద్ధతిని కళ్ళారా చూద్దామని వచ్చారట.

రేవులో మా వాళ్ళ పడవే సిద్ధంగా ఉంది. చలిదేశం వాళ్ళలో హెన్రిక్ అని ఒక పొడుగాటి మనిషి, వాళ్ళ మాట మాకూ మా మాట వాళ్ళకూ తిప్పి చెప్పడానికి సుప్రియ, ఇద్దరూ ఎక్కారు. పడవ నీళ్ళలోకి కుంగింది. ఎవరో ఒకరు దిగక తప్పదు.

"నువ్వు దిగన్నా, నేను చూపించుకోనొస్తా. నీకు మాట్లాడను రాదు గదా," అన్నాడు కామాక్షయ్య.

మా ఆయన దిగాడు. మోకాలిలోతు నీళ్ళలో నిలబడి పడవ కనబడినంతసేపూ చూశాడు. చెప్పొద్దూ, నాకు లోలోపల పండగే. ఇన్నాళ్ళకు నా బాధ ఏమిటో నీకూ తెలిసొచ్చిందా మగడా, అనుకున్నాను.

వచ్చిన వాళ్ళు ఉన్నన్ని రోజులూ కామాక్షయ్య కాలు నేల మీద నిలవలేదు. హెన్రిక్‌కు గెడ పట్టడం నేర్పాడు, వల ముడి నేర్పాడు, ఇంటికి తీసుకుపోయి దుర్గ చేత పీతల పులుసు వండించి పెట్టాడు. ఆ తర్వాత నెల్లూరులో రెండు దేశాల వాళ్ళూ సంతకాలు పెట్టే సభ జరిగింది. సరస్సు తరఫున వేదిక మీద నిలబడమని కామాక్షయ్యను పిలిచారు. అతను మా గడప దాకా వచ్చి, "నువ్వు గూడా రా అన్నా, కింద కూసుందువు గాని," అన్నాడు. కింద కూర్చోవాలట! మా ఆయన పని ఉందన్నాడు. పనీ లేదు, పాడూ లేదు.

ఆ సాయంత్రం చిట్టి ఫోన్‌లో ఫొటో చూపించింది. హెన్రిక్ చెయ్యి కామాక్షయ్య భుజం మీద ఉంది. మా ఆయన ఫోన్‌ను దగ్గరకు లాక్కుని చాలాసేపు చూశాడు.

"చొక్కా కొత్తదా?" అని అడిగాడు. అంతే. తర్వాత, "నేనింక అతనితో పడవెక్కను," అన్నాడు.

మర్నాడు కామాక్షయ్య వేటకు పిలవడానికి వచ్చాడు.

"నీ దొరతో పో," అన్నాడు మా ఆయన.

"ఏందన్నా ఇది? ఆయన్ని చూసి కుళ్ళుకుంటుండావా?"

"కుళ్ళెందుకు నాకు? మాట్లాడను రానోడితో నీకేం పని? పో."

"సరే, నువ్వొచ్చి పిలిచేదాకా నేనీ గడప తొక్కను," అని కామాక్షయ్య విసురుగా పోయాడు. ఈయన పిలవడు, అతను రాడు. ఇద్దరిళ్ళకూ మధ్య రేవులో పడవ ఊరికే పడి ఉంది.

నా మొగుడు నాకు దొరికాడు. పెళ్ళయిన కొత్తలో కూడా ఆయన అన్నాళ్ళు ఇంటిపట్టున లేడు. నేను తలకు నూనె పెట్టుకున్నాను, మంచి చీర కట్టుకున్నాను, వంజరం చేప తెప్పించి వేయించాను. నవ్వుకుంటే నవ్వుకోండి. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, సరస్సు వైపు తిరిగి కూర్చున్నాడు. పోనీ నేనే తోడు వస్తానని పీతలకు బయల్దేరదీశాను. గెడ పట్టి పట్టకముందే మొదలుపెట్టాడు.

"అట్టా కాదుమే. కామాక్షయ్య అయితే గెడ ఇట్టా వాల్చి పడతాడు."

"అయితే ఆ కామాక్షయ్యనే కట్టుకోలేకపోయినావా!" అని గెడ నీళ్ళలో విసిరేశాను. ఆయన దిగి, దాన్ని తెచ్చి పడవలో పెట్టాడు. నా పక్కన కూర్చుని ఇంకొకరి కోసం బెంగపడే మనిషిని ఏం చేసుకోను? అంతకుముందు లేనప్పుడు ఏడ్చాను, ఇప్పుడు ఎదురుగా ఉంటే ఏడుపొచ్చింది.

ఇంతలో వాళ్ళ వంతు దగ్గరపడింది. చీట్లు వేసే పెద్ద ఓబయ్య మా ఇంటికే వచ్చి చెప్పాడు.

"ఎల్లుండి మీ వంతు. ఇద్దరూ రాకపోతే మీ జంటని తీసేస్తాం. మీకొక రూలు, ఊరికొక రూలు ఉండదు పోలయ్యా."

"తీసేయండి," అన్నాడు మా ఆయన. ఆ పూట అన్నం ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నాకు దురాశ పుట్టలేదంటే అబద్ధం. ఒక్క రోజు నోరు మూసుకుని ఊరుకుంటే చాలు, ఆ జంట తెగిపోతుంది. తెగితే ఆయన నావాడు. ఆ మాటే తలుచుకుంటూ మర్నాడు బియ్యం చెరుగుతుంటే సుప్రియ వచ్చింది. సభ ఫొటోలు పంచిపెట్టడానికి వచ్చిందట. అరుగు మీద ముడుచుకుని కూర్చున్న మా ఆయన్ను చూసి, "అన్నకి ఒంట్లో బాలేదా అక్కా?" అంది. నాకు ఆగలేదు.

"రెండు దేశాల్ని కలపను వచ్చి మా పడవని రెండు ముక్కలు చేసినారు గదమ్మా! దిగమన్నప్పుడు ఆయన మొకం ఎవురన్నా చూసినారా?" అని, జరిగినదంతా చెప్పి చెరిగిపారేశాను.

ఆ అమ్మాయి మొదట నవ్వబోయి ఆగింది. తర్వాత తల దించుకుంది.

"మేం చూడలేదక్కా. తప్పే. మరి ఇద్దరిలో ఒకరు పోయి పిలిస్తే అయిపోతుంది గదా?"

"ఎవురు ముందు? అక్కడే గదా వచ్చింది తంటా."

"మాకూ అక్కడే వచ్చింది," అంది సుప్రియ. "ఒప్పందంలో మాటలన్నీ కుదిరినాయి. తీరా సంతకాల రోజు, ముందుగా హాల్లోకొచ్చి రెండోవాళ్ళ కోసం ఎవరు కాచుకోవాలా అని పట్టుబట్టినారు. మా నాయకుడు ముందు రాడు, వాళ్ళ నాయకుడూ రాడు. చివరికి రెండు తలుపులుండే హాలు వెతికి, ఇద్దర్నీ ఒకేసారి నడిపించినాం."

"అంత చదువుకున్నోళ్ళకీ ఇదే రోగమా!"

"వాళ్ళకే ఎక్కువక్కా."

ఆ అమ్మాయి పోయాక చేట పక్కన పెట్టి మా ఆయన వైపు చూశాను. భుజాలు వంగిపోయి ఉన్నాయి. ఈ మనిషిని ఇలా దక్కించుకుని ఏం చేసుకోను? ఉరుకు పరుగున దుర్గ ఇంటికి పోయాను.

వంతు రోజు తెల్లవారుతుండగా చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని గడపలో నిలబడ్డాను. అటు దుర్గ వాళ్ళ గడపలో నిలబడింది. "ఇప్పుడుమే!" అన్నాను. అదే క్షణంలో ఇటు తిరిగి, "ఏమయ్యో, కామాక్షయ్య రేవుకి బయల్దేరినాడు!" అని అరిచాను. అక్కడ దుర్గ కూడా మా ఆయన పేరు పెట్టి అదే అరుపు అరిచింది. మా ఆయన తువ్వాలు భుజాన వేసుకుని లేచిన తీరు చూడాలి! వయసు మళ్ళిన మనిషని ఎవరూ అనరు.

నేను వెనకే పరుగెత్తాను. ఇద్దరూ చెరో వైపు నుంచి వచ్చి, పడవకు ఈ పక్కన ఒకరు, ఆ పక్కన ఒకరు ఆగారు.

"గెడ యాడ?" అన్నాడు కామాక్షయ్య చివరికి.

"నీ దొర ఎత్తుకోని పోలా?"

"వాడికి గెడ పట్టను వస్తే గదన్నా! బురదలో దిగబడిపోయి, బూటు వదిలేసి, గెడని కావిలించుకోని నిలబడ్నాడు. ఈ సంగతి నీకు చెపుదామంటే నువ్వు మాట్లాడితివా?" అంటూ కామాక్షయ్య ఒంటికాలి మీద నిలబడి, గాల్లో గెడను కౌగిలించుకుని, నోరు తెరిచి చూపించాడు.

మా ఆయన నవ్వాడు. పొట్ట పట్టుకుని, తల వెనక్కి వాల్చి, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాడు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. ఆయనకు ఎడమవైపు లోపల ఒక పన్ను లేదని నాకు అప్పుడు తెలిసింది. ఎప్పుడు ఊడిందో తెలియదు. ఇన్నేళ్ళుగా ఆయనకు అన్నం పెడుతున్నదాన్ని నేను.

ఇద్దరూ పడవెక్కారు. కబుర్లు అప్పుడే మొదలయ్యాయి. వెనక్కి తిరిగి చూస్తాడేమోనని నిలబడ్డాను. చూడలేదు.

దుర్గ రొప్పుకుంటూ వచ్చి నా మొహంలోకి చూసింది.

"ఏందక్కా, ఏడుస్తుండావా?"

"ఏడుపు గాదుమే, కుళ్ళు," అన్నాను.

"నాకూ అంతే అక్కా," అని దుర్గ నా పక్కన గట్టు మీద కూర్చుంది.