కొమురవ్వ నింపిన మిగులు టేపు

ఎనభైల చివర్లో, తొలకరి పడ్డ నెలలో, జగిత్యాలలో గుమాస్తాగా ఉన్న నన్ను రాయికల్ పోస్టాఫీసుకు సబ్ పోస్ట్‌మాస్టర్‌గా వేశారు. నేను పుట్టి పెరిగిన ఊరే. పేరుకు మాస్టర్‌నే గానీ ముద్ర కొట్టేదీ సంచి కట్టేదీ నేనే.

చేరిన వారానికే కొమురవ్వ పోయింది. కల్లు గీసే గౌండ్ల కుటుంబం ఆమెది. బీడీలు చుడుతూ తత్వాలు పాడేది. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి మరీ ఆమె అరుగు మీద కూర్చునేవాణ్ణి. అలాంటి గొంతు నేను మరెవరి దగ్గరా వినలేదు. దినాలు కాగానే సిరిసిల్లలో ఉండే ఆమె కూతురు సత్తవ్వ కౌంటర్ దగ్గరికి వచ్చింది. మగ్గాలు ఆగిపోయి, ఆమె భర్త దుబాయి ప్రయాణంలో ఉన్నాడు. తల్లి పాట ఒక్కటైనా దొరుకుతుందేమోనని ఇల్లిల్లూ అడుగుతోంది.

అప్పట్లో గల్ఫ్‌కు మాటలు క్యాసెట్లలో పోయేవి. ఇంటివాళ్లు మాట్లాడగా మిగిలిన టేపును ఖాళీగా పంపడం ఇష్టంలేక, కొమురవ్వను పిలిచి నిండేదాకా పాడించేవారు. అక్కడున్న మగవాళ్లు అదే క్యాసెట్ మీద జవాబు నింపి తిప్పి పంపేవారు. అలా పాటలన్నీ చెరిగిపోయాయని ఊరంతా తేల్చేసింది. నేనూ తలూపాను.

ఆ నెలలోనే లచ్చవ్వ అనే ఆమెకు మస్కట్ నుంచి భర్త పంపిన క్యాసెట్ ప్యాకెట్ చిరిగి వచ్చింది. చిరిగినదాన్ని ఊరికే చేతిలో పెట్టకూడదు. ఆమె ఎదుటే విప్పి, వస్తువు ఏ స్థితిలో ఉందో రాసి, సంతకం తీసుకోవాలి. దాన్ని ఓపెన్ డెలివరీ అంటారు. క్యాసెట్ పాడైందో లేదో వింటేనే తెలుస్తుంది. లచ్చవ్వ ఇంటికి పోయి టేప్ రికార్డర్ తెచ్చింది.

భర్త మంచిగున్నానన్నాడు, బర్రె ఈనిందా అని అడిగాడు, "ఉంట మరి" అన్నాడు. అంతే. అందరిలాగే ఆమె కూడా అక్కడే ఆపబోయింది. నేను వద్దన్నాను. పూర్తిగా వినకుండా బాగుందని రాయడం నా వల్ల కాదు, చాదస్తమనుకున్నా సరే. కాసేపు గరగర, ఆపైన కొమురవ్వ గొంతు! సంతోషం పట్టలేక ముద్ర రసీదు మీద కాకుండా బల్ల మీద కొట్టాను.

సాయంత్రానికి ఊళ్లో పాత క్యాసెట్లన్నీ మోగాయి. మగవాళ్ల నాలుగు మాటలు అయిపోగానే ప్రతిదానిలో ఆమే. కొమురవ్వ పోయినప్పుడల్లా పాడి వచ్చిన కోరుట్ల చుట్టాల ఇళ్లలోనూ అదే వరస. కబురందుకుని సత్తవ్వ మర్నాడే వచ్చింది. ఒక పాట చివర కొమురవ్వ, "ఇగ చాలు పిల్లా, నా బీడీలు గట్లనే ఉన్నయి" అని కసిరింది. సత్తవ్వ కళ్లు తుడుచుకుంటూ పకపకా నవ్వింది.

"ఒకటి మా ఆయన పెట్టెల పెడత, సారూ," అంది. "దీని మీద జవాబు నింపకని గట్టిగ చెప్త."

మాట ఆగినంత మాత్రాన టేపు అయిపోయినట్టు కాదని అప్పుడు తెలుసుకున్నాను. ఆ తర్వాత ఏ ఓపెన్ డెలివరీలోనూ చివరిదాకా చూడకుండా సంతకం తీసుకోలేదు.