సముద్రం నడుమ హన్మాండ్లు కల్లం

అబూధాబీ తీరం నుంచి లాంచీలో ఒక పూట ప్రయాణం. చమురు కంపెనీ దీవి. గంటన్నరలో చుట్టూ నడిచి రావచ్చు. గడ్డిపరక మొలవదు. అలాంటి చోట 1977 నుంచి ఏడేళ్లపాటు, ఏటా మార్చిలో, ఆటే జీవనమైన వాళ్లు వచ్చి గోల్ఫు పోటీ ఆడారు.

గోల్ఫుకు పచ్చిక కావాలి. దీవిలో ప్రతి ఆటగాడూ జానెడు పచ్చ చాప ముక్క చంకన పెట్టుకు తిరిగేవాడు. బంతి ఎక్కడ పడితే అక్కడ ఆ ముక్క పరిచి, దాని మీంచి కొట్టేవాడు. చివర్లో బంతి గుంటలోకి దొర్లాల్సిన చోట మాత్రం, సన్నని ఇసుకలో వాడేసిన ఇంజను నూనె కలిపి, తొక్కి, చదును చేసిన గుండ్రటి జాగా ఉండేది. దొరలు దాన్ని బ్రౌన్ అనేవారు. తొమ్మిది గుంటలు, తొమ్మిది బ్రౌన్లు. వాటిని చూసుకునే మనిషి మెట్‌పల్లి దగ్గరి పల్లె నుంచి వచ్చిన హన్మాండ్లు. అతను వాటిని కల్లాలు అనేవాడు.

అంతకుముందు రెండేళ్లు పైపుల యార్డులో తుప్పు గీకాడు. పొద్దున దగ్గితే ఎర్రటి పొడి పడేది. మొదటి ఏడాది పోటీలో బంతులు బ్రౌన్ల మీద కప్పల్లా గెంతాయి. వచ్చిన ఎనిమిది మంది ఆటగాళ్లూ, ఇలాగైతే మళ్లీ రామని చెప్పిపోయారు. ఆటస్థలం చూసే ఇంగ్లీషు ఇంజినీరును అందరూ ముదీర్ అనేవారు. నేల చదును చేయడం ఎవరికి తెలుసని ఆయన యార్డులో అడిగితే హన్మాండ్లు చెయ్యెత్తాడు. బ్రౌన్లు బాగుపడితే ఇక్కడే ఉంటాడు, లేదా మళ్లీ తుప్పు దగ్గరికే. ఒప్పందం అంతే.

1978 పోటీకి రెండు రోజుల ముందు ఉత్తరపు గాలి లేచి తొమ్మిదో బ్రౌన్ మీద బెత్తెడు దుమ్ము పోసింది. మర్నాడు పొద్దున హన్మాండ్లు, కల్లంలో దుమ్ము లేస్తే ఊళ్లో ఏం చేస్తారో అదే చేశాడు. రెండు డ్రమ్ముల నీళ్లు చల్లాడు. మంచినీళ్లు లెక్క ప్రకారమే ఇస్తారు కనక సముద్రపు నీళ్లు. మధ్యాహ్నానికి నూనె పైకి తేలింది. ఇసుక ఉండలు కట్టింది. పైన ఉప్పు తెల్లగా పొక్కులు లేచింది.

ముదీర్ వచ్చి చూశాడు. తనకొచ్చిన ఉర్దూలో నెమ్మదిగానే చెప్పాడు. "కల్ దస్ బజే. ఇది ఇట్లే ఉంటే పోటీ ఖలాస్. నువ్వు యార్డుకు."

మెస్సులో రొట్టెలు కాల్చే షావలిది కడప. విషయం అప్పటికే అతని దాకా వెళ్లింది.

"ఏమన్నా, నూనెలో నీళ్లు పోస్తే ఏమైతాదో నన్నడగకపోతివే."

"నవ్వుతె నవ్వు గని భాయ్, నీ పిండి జల్లెడ ఇయ్యి."

"ఇస్తాలే. రేపు రొట్టెలు డీజిలు వాసనొస్తే నీ పేరే చెప్తా."

"నీ రొట్టెలకు ఏదో ఒక వాసనొస్తె నయమే."

తర్వాతి ఆరు గంటల పనిని చూసినవాళ్లు ఇప్పటికీ గొంతు తగ్గించి చెబుతారు. చెడిన ఇసుకనంతా జానెడు లోతున తీసి పారేశాడు. దీవి నడిమి దిబ్బ నుంచి కొత్త ఇసుక మోసి, జల్లెడ పట్టి, ఎండలో కాగిన నూనె పోసి, గోడకు మట్టి తొక్కినట్టు తొక్కాడు. రోలరు ముట్టుకోలేదు. గోనెపట్టా మీద బరువు పెట్టి, నడిమి నుంచి అంచుకు చుట్లు చుట్లుగా లాగాడు. పొద్దు వాలే వేళ చెంప నేలకానించి పడుకున్నాడు. పొలంలో ఎత్తుపల్లాలు నిలిచిన నీళ్లు చెబుతాయి. ఇక్కడ నీళ్లు లేవు కాబట్టి నీడలను అడిగాడు. గోరంత నీడ కనపడ్డ ప్రతిచోటా అరచేత్తో ఇసుక తీశాడు, వేశాడు. కొలబద్ద లేదు, నీటిమట్టం లేదు. ముప్ఫై అడుగుల వెడల్పున ఒక్క నీడ మిగలనంత వరకు లేవలేదు.

మర్నాడు పదింటికి మొదటి ఆటగాడు వచ్చాడు. నెరిసిన జుట్టు, పొడవాటి స్కాట్లాండు మనిషి. కాళ్లకు ఇనుప మేకులున్న బూట్లు. బ్రౌన్ అంచున హన్మాండ్లు అడ్డంగా నిలబడ్డాడు.

"సాబ్, జూతే ఖోలో."

ఆటగాడికి అర్థం కాలేదు. హన్మాండ్లు తన ఉత్త పాదాలు చూపించి, తర్వాత ఆ బూట్లు చూపించాడు. వెనక ముదీర్ ముఖం కందిపోయింది. నిమ్మనీళ్ల క్యాను పట్టుకుని వచ్చిన షావలి, హన్మాండ్లు యార్డుకు పోయేది ఈ రోజేనని అనుకున్నాడు. ఆటగాడు హన్మాండ్లును చూశాడు, బ్రౌన్ వైపు చూశాడు, వంగి వేళ్లతో ఒకసారి నిమిరాడు. ఇసుకలో కూచుని బూట్లు విప్పాడు. మేజోళ్లు కూడా.

బంతి ఇరవై అడుగుల దూరంలో ఉంది. కర్రతో తాకించాడు. అది గెంతలేదు, వంకర పోలేదు. నూనె ఇసుక మీద సన్నని గీత గీసుకుంటూ, చప్పుడు లేకుండా, ఎవరో లోపల్నుంచి పిలిచినట్టు గుంటలోకి పోయింది. తర్వాత ముదీర్ కూచుని తన బూట్లు విప్పడం మొదలుపెట్టాడు.

ఆ ఏటి నుంచి 1983లో అక్కడ ట్యాంకులు కట్టడానికి నేల తీసుకునేదాకా, తొమ్మిదో బ్రౌన్ ఎవరూ బూట్లతో ఎక్కలేదు. కొత్తగా వచ్చేవాళ్లకు పాతవాళ్లే గొంతు తగ్గించి చెప్పేవారు, దాని వెనక తూర్పుదేశాల భక్తి ఏదో ఉందని. హన్మాండ్లు మళ్లీ తుప్పు గీకలేదు.

ఆ మొదటి రోజు సాయంత్రం షావలి అతన్నే అడిగాడు. "దేవుడి జాగా అనుకుంటివా ఏంది, దొరల చేత చెప్పులిడిపిస్తివి?"

"ఏం దేవుడు భాయ్. నిన్న పోసిన. ఇంక గట్టిపడలే. ఆ ముండ్ల బూట్లు ఎక్కితె పొక్కలు పడ్తయ్."

"ఎప్పటికి గట్టిపడ్తాది?"

"మూడు దినాలకు."

"మరి అప్పుడు చెప్తావా, ఇంక తొడుక్కోమని?"

హన్మాండ్లు గోనెపట్టా దులిపి భుజాన వేసుకున్నాడు. "ఎందుకు చెప్త?"