మైకు వేసిన దావా

ఆ కోర్టు భవనం ఊడ్చే మనిషిని అందరూ మైకు అనే పిలిచేవారు. ఆ గొంతు పుట్టుకతో వచ్చింది కాదు. చెవులు సరిగా వినబడని అత్తగారితో ఇరవై రెండేళ్లు కాపురం చేసి సంపాదించుకున్నది. "నీళ్లు కాగాయి, స్నానానికి రండి అత్తయ్యా" అని వంటింట్లోంచి పిలిస్తే వీధి చివర టైలరు మిషను ఆపి తలెత్తేవాడు.

ఆ భవనంలో మేడమీద రెండు కోర్టులు. రెంటికీ కలిపి ఒక్కడే పిలుపు బంట్రోతు. కేసు వంతు రాగానే తలుపు దగ్గర నిలబడి కక్షిదారుల పేర్లు మూడేసి సార్లు పిలవడం అతని పని. మూడో పిలుపుకూ మనిషి రాకపోతే కేసు కొట్టేస్తారు. మరి అలాంటి ఉద్యోగంలో ఉన్నవాడి గొంతు ఎలా ఉండాలి? ఈ పెద్దమనిషిది పక్కవాడి చెవిలో చెప్పే చాడీలా ఉండేది. మంచివాడే పాపం, గొంతు ఎప్పుడో పోయింది. ఆ ఏడాదే రిటైరవుతున్నాడు.

ఆ ఖాళీకి మైకు అర్జీ పెట్టింది. ఆఫీసు సూపరింటెండెంటు దాన్ని తిప్పి పంపాడు. "ఆడువారి గొంతు కింది ఆవరణ వరకు వినబడదు గనుక ఈ ఉద్యోగమునకు స్త్రీలు అర్హులు కారు" అని రాశాడు. ఆ మహానుభావుడే అంతకు మూడు నెలల ముందు, "వరండాలో బిగ్గరగా మాట్లాడి విచారణకు అంతరాయము కలిగించితివి" అని ఆమెకు మెమో ఇచ్చాడు. రెంటి కిందా అదే సంతకం, అదే వంకర గీత.

మైకుకు ఒళ్లు మండింది. పదహారేళ్లుగా ఆ తలుపు ముందు ఊడుస్తూ, రోజూ ఆ పేర్లన్నీ మనసులో పిలిచి చూసుకున్న మనిషి ఆమె. ఆ ఉద్యోగం ఆమెకు కావాలి, అంతే, అందులో దాచుకోవడానికేముంది? రెండు కాగితాలూ పట్టుకుని ఒక చిన్న ప్లీడరమ్మ దగ్గరికి వెళ్లింది.

"ఆడదాన్నని కాదన్నారమ్మా. నా గొంతు విని కాదంటే ఊరుకుందును," అంది.

ప్లీడరమ్మ చెవులు రెండూ మెల్లగా రుద్దుకుంది. "విన్నానక్కా. ఇది అచ్చంగా వివక్షే. దావా వేద్దాం."

సంగతి తెలిసి ఇంట్లో అత్తగారు ఒంటికాలిమీద లేచింది. కోడలి మీద కాదు, ఆఫీసు మీద. "నీ గొంతు వినబడదని ఎవడన్నాడే? నాకే వినబడుతుంటే," అంది.

దావాకు ఆఫీసు వారి జవాబు వచ్చింది. ప్రస్తుత ఏర్పాటు దివ్యంగా ఉందనీ, పిలుపు వినబడలేదని ఇంతవరకు ఏ ఒక్కరూ చెప్పలేదనీ అందులో ఉంది. చెప్పడానికి, వినబడనివాళ్లకు పిలిచిన సంగతి తెలిస్తే కదా!

విచారణ రోజున మైకు సెలవు పెట్టి, ఉతికిన బట్టలు కట్టుకుని, మిగతా కక్షిదారుల్లాగే కింద బెంచీ మీద కూర్చుంది. ప్లీడరమ్మ పక్క కోర్టులో ఇంకో కేసు వాదిస్తోంది. ఆఫీసు తరఫు ప్లీడరు క్యాంటీన్లో టీ తాగుతున్నాడు. పదయింది, పదకొండయింది, పన్నెండయింది. మైకు ఉండబట్టలేక పైకి వెళ్లి అడిగింది. పిలిచారట. మూడుసార్లూ పిలిచారట. ఎవరూ రాలేదని కేసు కొట్టేశారట.

ఆమె కిందికి దిగబోయి మెట్ల మీదే కూలబడింది. బంట్రోతు వచ్చి పక్కన నిలబడి, నేలచూపులు చూస్తూ, "నేను పిలిచానమ్మా, ఒట్టు," అన్నాడు. ఆ మాట కూడా ఆమె రెండోసారి చెప్పించుకోవలసి వచ్చింది.

కేసు తిరిగి తెరవమని ప్లీడరమ్మ అర్జీ పెట్టింది. పిలుపు వినబడలేదన్నది ఒక్కటే కారణం. ఇదిగో, ఇక్కడే ఆఫీసు ప్లీడరు పప్పులో కాలేశాడు. ఆ రోజు తానూ రాలేదు గదా, జడ్జిగారు ఏమంటారోనని బెదిరిపోయి, ఎవరూ అడగకముందే ఒక ప్రమాణపత్రం దాఖలు చేసుకున్నాడు. "నేను క్యాంటీన్లో ఉండగా పిలుపు ఎంతమాత్రం వినబడలేదు" అని. క్యాంటీను కోర్టు తలుపుకు ఇరవై అడుగులు.

జడ్జి ఆ కాగితాన్నీ, ఆఫీసు వారి జవాబునూ పక్కపక్కన పెట్టుకున్నారు.

"వినబడుతుందని మీ ఆఫీసు అంటోంది. వినబడలేదని మీరంటున్నారు. ఎవరిని నమ్మమంటారు?"

ప్లీడరు కిటికీ వైపు చేయి చూపాడు. "అంటే, ఆ రోజు ఏదో గాలి..."

"సరే, కేసు తిరిగి తీసుకుంటున్నాను. తీర్పు చెప్పేముందు ఒకసారి ఈమె గొంతు విందాం. తర్వాతి కేసు ఈమెనే పిలవమనండి. ఆ కేసు వేసిన మనిషి మూడు వాయిదాలుగా రావడం లేదు, అయినా పోనీలే అని ఊరుకున్నాను. ఇవాళా రాకపోతే కొట్టేయడమే."

బంట్రోతు చీటీ తెచ్చి మైకు చేతిలో పెట్టాడు. వెయ్యి సార్లు మనసులో పిలిచిన మనిషి ఆ నాలుగడుగుల్లోనే చీటీలో పేరు రెండుసార్లు చదువుకుంది. గొంతు తడబడితే ఇక అంతే సంగతులు. తలుపు దగ్గర నిలబడి, ఊపిరి పీల్చుకుని, పిలిచింది.

కిటికీ అద్దాలు గల్లుమన్నాయి. పక్క కోర్టులో ఒక సాక్షి చెబుతున్న అబద్ధం మధ్యలో ఆగిపోయింది. క్యాంటీన్లో ఎవరి చేతిలోదో గ్లాసు కిందపడింది. రెండో పిలుపు పిలవనక్కర లేకపోయింది. కింద బెంచీ మీదినుంచి ఒక ముసలాయన లేచి, కాగితాల సంచి గుండెకు పట్టుకుని, ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

"మూడు వాయిదాలుగా ఎందుకు రాలేదు?" అని అడిగారు జడ్జి.

"వచ్చానండీ. ప్రతి వాయిదాకీ పొద్దున్నే వచ్చి, సాయంత్రం దాకా కింద బెంచీ మీదే ఉన్నాను. ఎవరూ పిలవలేదు. పిలవకుండా మీ ముందుకి ఎలా వస్తానండీ?"

జడ్జి తల వంచుకుని కాసేపు రాసుకున్నారు. ఆడదన్న కారణంతో అర్జీ తోసిపుచ్చడం వివక్ష అనీ, అది చెల్లదనీ, ఆ ఉద్యోగం ఈమెకే ఇవ్వాలనీ తీర్పు చెప్పారు.

మైకు ఆ ఉద్యోగంలో చేరి ఏళ్లయింది. ఆమె పిలిస్తే వినబడలేదన్నవాడు లేడు. అయినా మూడు పిలుపులకూ ఎవరైనా పలక్కపోతే, లోపలికి వెళ్లి "రాలేదండీ" అని చెప్పే ముందు, ఆమె మెట్లు దిగి వెళ్లి బెంచీలన్నీ ఒకసారి చూసి వస్తుంది.