లింబాద్రి అన్న ‘ఆఁ’

ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మధ్యమధ్య ‘ఆఁ’ అనకపోతే లింబాద్రికి తోచదు. జగిత్యాల దగ్గర వాళ్ల పల్లెలో అందరూ అంతే. అలా అనకపోతే మాట లక్ష్యపెట్టలేదని నొచ్చుకుంటారు. జెద్దాలో కరెంటు పని చేసినన్నాళ్లూ ఆ అలవాటు అతనికి ఏ చేటూ చెయ్యలేదు.

కోర్టులో చేసింది. సైటులో రాగి తీగ పోయిందని కంపెనీ అతని మీద కేసు పెట్టింది. సౌదీ వాళ్లకు ఇన్ని ఉద్యోగాలు ఇవ్వాలన్న నితాఖత్ రూలు తప్పి ఎరుపు జాబితాలో పడి, పనివాళ్ల అకామాలు, అంటే అక్కడ ఉండే పర్మిట్లు, రెన్యువల్ కాక, మనుషుల్ని ఎలా వదిలించుకోవాలా అని చూస్తున్న కంపెనీ అది. సర్కారు వకీలు పళ్లు కుట్టుకుంటూ, అతని వైపైనా చూడకుండా అడిగాడు: “తీగ కోసిందీ నువ్వే, అమ్ముకున్నదీ నువ్వే. మీ వాళ్లంతా ఇంతేగా?” తర్జుమా మనిషి ఆవులిస్తూ ఉర్దూలో చెప్పాడు. కోసిన మాట నిజమే, ఫోర్‌మన్ చెప్పిన పని. “ఆఁ...” అని లింబాద్రి మిగతాది చెప్పబోతుంటే “చాలు” అన్నాడు వకీలు. నేరం ఒప్పుకున్నాడని రాసుకున్నారు. జైలు, ఆపైన మళ్లీ ఈ దేశంలో అడుగు పెట్టకుండా పంపేయడం.

లింబాద్రితో ఒకే గదిలో ఉండే కడప డ్రైవరు గులాం మొహిద్దీన్‌కు అరబ్బీ బాగా వచ్చు. జైలుకు వచ్చి సంగతి విని తల కొట్టుకున్నాడు.

“ఏమబ్బీ, దొంగవా అని అడిగితే ఊఁ కొడతావా? కథ చెప్తాండాడనుకుంటివా?”

“ఇంటున్న అన్నట్టు అన్న భాయ్, చేసిన అన్లే. రొండు ముచ్చట్లు ఒక్క మూటల కట్టి అడిగిండు ఆడు. తలుసుకుంటే కక్కొస్తుంది.”

“ఇదే రాద్దాం అప్పీల్లో.”

అప్పీలు జడ్జి తెలుగు తెలిసిన మనిషిని పిలిపించి, ప్రశ్నలు విడదీసి అడిగించాడు.

“తీగ కోసినవా?”

“కోసిన. ఫోర్‌మన్ కొయ్యమన్నడు.”

“అమ్మినవా?”

“అమ్మలే. స్టోరుల ఇచ్చిన. ఆళ్లనడుగుండ్రి.”

కింది కోర్టులో స్టోరు మనిషిని ఎవరూ అడగనే లేదు. ఇప్పుడు పిలిస్తే, తీగ తన దగ్గరికే వచ్చిందని నేల చూపులు చూస్తూ చెప్పాడు. శిక్ష కొట్టేశారు.

బయట వరండాలో, కేసు పెట్టిన మేనేజరే నవ్వుతూ లింబాద్రి భుజం మీద చెయ్యేశాడు. అయిందేదో అయింది, రేపటి నుంచి డ్యూటీకి రమ్మన్నాడు. పక్కనున్న మొహిద్దీన్ ఆ మాట తెలుగులో చెప్పాడు. లింబాద్రి ఆ చెయ్యి విదిలించేశాడు.

“థూ! దొంగ అన్న నోటితోనే రమ్మంటున్నవా? నీ మొఖం సూడబుద్ధి గాదు. ట్రాన్స్‌ఫర్ కాయితం మీద సంతకం పెట్టు, ఇంకో కఫీల్ కింద పనికి పోత.”

మొహిద్దీన్ అరబ్బీలో చెప్పబోయి ఆగాడు.

“మొదటి మాట వదిలేద్దునా అబ్బీ?”

“ఎందుకు? అది గూడ చెప్పు భాయ్.”