మరియమ్మ టీచరు నేర్పిన కౌలు కాగితం

మొన్న చిలకలూరిపేటలో టిఫిను కొట్టు పెట్టుకుందామని ఒక గది మాట్లాడుకున్నాను. యజమాని అద్దె కాగితం నా ముందు పెట్టి, నన్నొకసారి ఎగాదిగా చూసి, స్టాంపు ప్యాడ్ మూత తీశాడు. సిరా వాసన గుప్పుమంది. తొంభయ్యేడులో మా పంచలో వచ్చిన వాసనే అది.

ఆ రోజు మా ఆయన నాగేశ్వరరావు మూడెకరాల పత్తిచేను కౌలుకు తీసుకుంటున్నాడు. ఆసామి రాయించి తెచ్చిన కాగితం చదవడం మా ఇద్దరికీ రాదు. చర్చి బడిలో పాఠాలు చెప్పే ఎదురింటి మరియమ్మ టీచరుగారు పిలవకుండానే వచ్చి, కాగితం అందుకుని చదివారు.

“ఆగవయ్యా! పంట పోయినా కౌలంతా కట్టాలంట. కట్టకపోతే ఇల్లు ఆయనకి వదిలెయ్యాలంట. ఈ మాట కొట్టేయించు.”

ఆసామి మొహం మాడ్చుకున్నాడు. “నమ్మకం లేనోళ్లతో నాకెందుకు?” అంటూ లేవబోయాడు.

నా నోరు పడిపోనూ, నేనే అన్నాను: “ఊరుకోండి టీచరుగారూ, పెద్దాయన ఏమనుకుంటారు!”

మా ఆయన నా వైపు చూసి వేలిముద్ర వేశాడు. మొహమాటానికి పోతే కడుపైందని ఊరికే అన్నారా!

ఆ ఏడు పచ్చపురుగు ఒక్క కాయ మిగల్చలేదు. ఆసామి వచ్చి ఆ కాగితమే చూపించాడు. మర్నాడు పొద్దున్నే చేలోకి వెళ్లిన మా ఆయన మళ్లీ ఇంటికి రాలేదు. పురుగును చంపలేని మందు ఆయన్ని చంపింది. తర్వాత ఇల్లూ పోయింది.

టీచరుగారు నన్ను తన వెనక గదిలో ఉంచుకున్నారు. “నేను చెప్పలేదా” అని ఒక్కనాడూ అనలేదు. అని ఉంటే బాగుండేది. ఒక సాయంత్రం మా దగ్గరున్న కౌలు కాగితం నకలు నా ఒళ్లో పెట్టారు.

“దీన్ని చూస్తే ఒళ్లు మండుతోందండీ, పారెయ్యండి,” అని ఏడ్చాను.

“మండనీవే. దీంతోనే అక్షరాలు నేర్చుకో. ఏదీ, ‘ప’ ఎక్కడుందో చూపించు.”

ఏడాదికి, ఇల్లు వదిలెయ్యాలన్న ఆ వాక్యం సొంతంగా చదివాను. ఆ పూట నేను అన్నం ముట్టలేదు. ఆవిడా ముట్టలేదు. ఇప్పుడు ఆవిడా లేరు.

మొన్న ఆ అద్దె కాగితం మీద వేలు పెట్టి పైకే చదవసాగాను. యజమాని విసుక్కున్నాడు. “నా మీద నమ్మకం లేదామ్మా?”

“ఉందండీ. చదివితే పోయేదా అది?”

ఎప్పుడు చెబితే అప్పుడు ఖాళీ చేయాలన్న చోట ఆగి, “ఇది కొట్టేయండి,” అన్నాను. ఆయన గొణుక్కుంటూనే పెన్ను తీసి గీత కొట్టాడు. నేను స్టాంపు ప్యాడ్ మూసేసి సంతకం పెట్టాను.

ఒక్క గీత. ఆ రోజు టీచరుగారు అడిగింది కూడా అంతే.