నా పేరు నేనే చెప్పుకోవాలట

ఆ రోజుల్లో, అంటే సెల్‌ఫోన్ చేతికొచ్చినా సిగ్నల్ మాత్రం నీళ్ల ట్యాంకు ఎక్కితేనే దొరికే రోజుల్లో, ఉద్యోగానికి డిగ్రీ చాలదనీ, ఇంటర్వ్యూ అనే మరో చదువు కూడా చదవాలనీ ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్ల మీద నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతూనే ఉంది. మాది టేకులపల్లి దగ్గర ఒకప్పటి దొరల ఇల్లు. భూములు పోయాయి, పెంకులు జారాయి, నా నడుము మాత్రం వంగలేదు. (వంచమని ఎవరూ అడగలేదన్నది వేరే సంగతి.) ఖమ్మంలోని విత్తనాల కంపెనీలో నాకు ఉద్యోగం రాకపోతే, ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదురుతానని అమ్మ చెప్పేసింది. మా ఇంటి ఆడవాళ్లు పరాయిచోట గరిటె పట్టడమా! పళ్లు కొరుక్కున్నాను.

నాకు పాఠాలు చెప్పినవాడు మా ఊరి ఇంటర్వ్యూల అన్న. పదకొండు ఇంటర్వ్యూలకు వెళ్లి పదకొండూ పోగొట్టుకున్న అనుభవజ్ఞుడు. ఒక్కణ్ణే పిలిస్తే ఎలా, గుంపులో కూర్చోబెట్టి వాదించుకోమంటే ఎలా, ఫోన్లో అడిగితే ఎలా, అన్నీ నేర్పాడు. ఫోన్ పాఠం ట్యాంకు మీద.

"నవ్వు దొరా, జర నవ్వు! గట్ల మొఖం ముడుచుకుంటే ఫోన్ల గూడ తెలుస్తది."

"ఫోన్ల మొఖం ఎట్ల కనిపిస్తదన్నా?"

"అందరిది కనిపియ్యది. నీది కనిపిస్తది."

దిగి పోదామనుకున్నాను. నిచ్చెనకు అడ్డంగా ఆయనే కూర్చున్నాడు.

ఇంటర్వ్యూ రోజు నాతో ఖమ్మానికి కూడా వచ్చి వరండాలో కూర్చున్నాడు. లోపల ముగ్గురు. కళ్లద్దాలాయన "మీ గురించి చెప్పండి" అన్నాడు. ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. మా మగవాళ్లు తమ పేరు తమ నోటితో చెప్పుకోరు. ముందు నడిచే మనిషి "ఫలానా దొరగారి మనవడు" అని చెబుతాడు, మేము వెన్ను నిలిపి కూర్చుంటాం. బట్టీ పట్టిన జవాబు నోటిదాకా వచ్చింది, నాలుక కదల్లేదు. ఆయన మళ్లీ అడిగాడు. నాకు మండింది.

"బయట మా అన్న ఉన్నాడు. ఆయన్ని అడగండి."

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. వినోదానికే కావచ్చు, పిలిపించారు.

"సార్, ఈ పిల్లగాడు అబద్ధమాడడు. ఏ చెల్కల ఏ గింజ మొలుస్తదో ఎరికైనోడు. జర బిర్రుగుంటడు గని, రైతు బాధ తెల్సినోడు..." అంటూ అన్న గుక్క తిప్పుకోకుండా పది నిమిషాలు మాట్లాడాడు. తన గురించి ఎక్కడా రెండు ముక్కలు చెప్పుకోలేని మనిషి! కళ్లద్దాలాయన ముందుకు వంగాడు. "మా విత్తనాల గురించి కూడా రైతులకు ఇలాగే చెప్తారా?"

ఉద్యోగం ఆయనకిచ్చారు.

బస్సులో "తమ్మీ, నేను అడగలేదురా" అన్నాడు. "మాట్లాడకు" అన్నాను. ఇల్లెందు దాటేదాకా కిటికీలోంచి అడవిని కొరకొరా చూశాను.

ఇంటికొచ్చి జరిగింది చెబితే అమ్మ నవ్వింది. "నీ పేరు చెప్పనీకె నోరు రాలేదా బిడ్డా? వార్డెనమ్మ అడిగితే నా పేరు, మా అమ్మగారి ఊరు, నేను వండే కూరలు, అన్ని చెప్పిన. రేపటిసంది రమ్మన్నది."

"నేను వచ్చేదాక గూడ ఆగలేదా?"

"నీ సంగతి నాకెరికే గద!"

మూడు రోజులు అన్నం మానేశాను. నాలుగో రోజు, అమ్మ హాస్టలుకు వెళ్తూ మూతపెట్టిన పప్పన్నం తలుపు గడియ పెట్టుకుని తిన్నాను. నిటారుగా కూర్చునే తిన్నాను. అప్పటి నన్ను, ఆ కుర్రవాణ్ణి, తలుచుకుంటే ఈనాటికీ చెంప మీద ఒకటి ఇవ్వాలనిపిస్తుంది. ఇచ్చాక, ఇంకో ముద్ద తినరా అని కూడా చెప్పాలనిపిస్తుంది.