బాపు కుడిచెయ్యి, లప్పం అనే పిల్లి

మా బాపు అంబదాస్ నిర్మల్‌లో కొయ్యబొమ్మలకు కళ్లు దిద్దేవాడు. పొనికి కర్ర చెక్కేవాళ్లు, అతికేవాళ్లు, సుద్ద పూసేవాళ్లు, రంగులేసేవాళ్లు వేరే ఉండేవారు. అన్నీ అయ్యాక బొమ్మ బాపు ముందుకొచ్చేది. ఊపిరి బిగబట్టి, సన్నటి కుంచెతో, ఒక్క గీతలో రెప్ప, ఒక్క చుక్కలో చూపు. నలభై రెండేళ్లు అదే పని. ఆయన దిద్దిన జింక కన్ను అప్పుడే ఏదో అలికిడి విన్నట్టు ఉండేది.

ఆయన పనిచేసే మా ఇంట్లోకి ఒక పిల్లి వచ్చి చేరింది. బూడిదరంగుది, ఒక చెవి చిరిగి ఉండేది. బొమ్మల అతుకులకు పెట్టే చింతగింజల లప్పం వేలికి అంటితే ఎంత కడిగినా పోదు. పిల్లి కూడా అంతే. అందుకని అవ్వ, అంటే మా అమ్మ, దానికి లప్పం అని పేరు పెట్టింది. కూర్చుంటే ఒడిలో, నడిస్తే కాళ్ల సందున, స్నానానికి పోతే తలుపు అవతల అరుపు. అందరికంటే బాపు మీద దాని పట్టు ఎక్కువ. సరిగ్గా ఆయన కుంచె ఎత్తే వేళకు మోచేయి కింద తల దూర్చేది. ఆరని రంగు మీద దాని వెంట్రుకలు రాలేవి. ఒకసారి డజను చిలుకలకు మీసాలు మొలిచాయి.

"నీ పాడుగాను! పోవే అవుతలికి!" అని బాపు మోచేత్తో నెట్టేవాడు. రెండు నిమిషాలకు మళ్లీ అక్కడే ఉండేది.

"గది పిల్లి గాదు, నా సవితి," అనేది మా అవ్వ బాలలక్ష్మి. "నేను పిలిస్తె పలుకడు గని, దాన్ని తిట్టుటానికి మాత్రం మస్తు నోరు లేస్తది."

మూడేళ్ల కింద వానాకాలంలో ఒక పొద్దున బాపు చేతిలోంచి కుంచె జారిపడింది. పక్షవాతం. పన్నెండు రోజుల తర్వాత ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాం. మాట తిరిగి వచ్చింది. కాలు ఈడుస్తూ నడిచేవాడు. కుడిచెయ్యి మాత్రం పిడికిలి బిగుసుకుని ఒడిలో పడి ఉండేది. సూదితో గుచ్చినా తెలిసేది కాదు. డాక్టర్ ఒక రబ్బరు బంతి ఇచ్చి, దాన్ని పట్టించి పిసికించమన్నాడు.

"నేనేమన్న చిన్నపోరన్నా?" అని బాపు ఎడమచేత్తో దాన్ని మంచం కిందికి దొర్లించాడు. రోజుకోసారి మాత్రం నన్నడిగేవాడు, "బిడ్డా, ఈ చెయ్యి కుంచె పడ్తదానే?"

నేను మంచం కింద నుంచి బంతి తీసి మళ్లీ ఆయన పక్కన పెట్టేదాన్ని.

మా దిక్కు పక్షవాతానికి పావురం నెత్తురు రుద్దే అలవాటు ఉంది. అవ్వ తమ్ముడు కరుణాకర్ మామ ఎక్కడి నుంచో పావురాలు తెచ్చాడు. నేను వద్దన్నాను.

"నీ సదువు నీ కాడ వెట్టుకో," అంది అవ్వ.

వేళ్ల నుంచి మోచేతి దాకా వెచ్చటి నెత్తురు రుద్ది, ఆరేదాకా కదలకుండా ఉంచాలట. అంతసేపూ లప్పాన్ని కర్రల గదిలో వేసి తలుపు పెట్టేవాళ్లం. మూడో రోజు మామ గడియ వేయడం మరిచాడు. నేను చూసేసరికి అది బాపు ఒడిలో ఉంది. పిడికిలి మడతల్లోకి మూతి పెట్టి, వేలు వేలు మధ్య నాకుతోంది. మామ చెప్పు తీశాడు.

"ఆగు!" అన్నాడు బాపు.

"ఏంది బావా, మందంత నాకుతుంది గదా!"

"ఆగురా. గరుకుగ ఉన్నది."

"ఏంది గరుకు?"

"దాని నాలిక. నాకు తెలుస్తుంది."

మామ చెప్పు చేతిలో అట్లాగే ఉండిపోయింది. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

ఆ పూటతో పావురాలు మానేశాం. నెత్తురు వాసనకే పిల్లి వచ్చిందని, ఇక రాదని నేననుకున్నాను. మర్నాడు పొద్దున్నే సబ్బుతో కడిగిన చేతి కోసం వచ్చింది. ఎడమచేత్తో నిమిరితే ఒప్పుకునేది కాదు, దాన్ని దాటుకుని కుడివైపే వెళ్లేది. పిడికిలి కిందికి తల దూర్చి తోసేది, ఆగేది, మళ్లీ తోసేది. ఉలుకూ పలుకూ లేకపోతే కణుపు మీద చిన్నగా కొరికేది. పొద్దు గూకే దాకా అదే వరస. నేను వేళ్లు సాగదీసి కసరత్తు చేయిస్తే పది నిమిషాలకు ఇద్దరికీ విసుగొచ్చేది. దానికి విసుగు లేదు. ఆ చెయ్యి పనికిరానిదన్న సంగతి దానికి తట్టనే లేదు.

దసరా దాటాక ఒక మధ్యాహ్నం, చిరిగిన చెవి వెనక బాపు బొటనవేలు కదిలింది. నేను కళ్లారా చూశాను.

"బాపూ, మళ్ల కదుపు జర!"

"నేనేం కదపలే. దాన్నే అడుగు," అన్నాడు.

చలికాలమంతా ఒక్కో వేలూ తెరుచుకుంది. ఉగాది ముందు బాపు కుంచె అడిగాడు. అవ్వ నాలుగు జింకలు తెచ్చి ముందు పెట్టింది. మొదటిదాని రెప్ప గీత వణికి ముక్కు దాకా జారింది. రెండోదీ అంతే. మూడోదానికి అవ్వ మొహం తిప్పుకుంది. బాపు కుంచె కింద పెట్టాడు.

అప్పుడు లప్పం వచ్చింది. ఆ చెయ్యే దాని మీదికి వెళ్లింది. నుదుటి మీంచి మెడ దాకా, మెడ మీంచి వీపు దాకా, ఒక్క గీతలా, వణుకు లేకుండా. బాపు తన చేతిని పరాయివాళ్ల చేతిని చూసినట్టు చాలాసేపు చూశాడు.

"చూస్తున్నవానే? కుంచెకు వణుకుతుంది. దీనికి వణుకుతలేదు."

"ఇంక కొన్ని రోజులైతె కుదురుతది, బాపూ."

"కాదు బిడ్డా. నా చెయ్యి పోయింది. గిది దాని చెయ్యి. అది పిలిస్తె వచ్చింది."

ఆ మాటలో బాధ కోసం వెతికాను. కనబడలేదు. నాలుగో జింకను నా వైపు జరిపి, "కండ్లు నువ్వు దిద్దు," అన్నాడు.

మర్నాటి నుంచి వెడల్పు కుంచెతో సుద్ద పూయడానికి కూర్చున్నాడు. తొమ్మిదేళ్ల వయసులో ఆయన నేర్చుకున్న మొదటి పని అది. నిరుడు ఎండాకాలంలో కన్నుమూసే దాకా ఆ పనే చేశాడు. పీట మీద కూర్చోగానే ముందు ఆ చెయ్యిని పిల్లికి ఇచ్చేవాడు. అది తనివితీరా రుద్దుకుని, తనంతట తను లేచి పక్కకు వెళ్లి ఒళ్లు నాక్కోవడం మొదలుపెట్టేది. అప్పుడుగానీ సుద్దలో కుంచె ముంచేవాడు కాదు. ఎంత పని మీదున్నా మేమెవరమూ తొందరపెట్టేవాళ్లం కాదు.